కాపీ మీద గుండ్రటి ముద్ర

ఇరవై ఏళ్ల గుమాస్తాగిరిలో నాకు అబ్బిన విద్య ఒక్కటే. ఏ కాగితమైనా "త్రూ ప్రాపర్ ఛానెల్" అని రాసి, పైఅధికారి చేతుల మీదుగా పంపడం. ఆ విద్యే నా కొంప ముంచబోయింది.

పోర్టు పక్కన ఒక ప్రభుత్వ కార్యాలయంలో గేటు పాసుల సెక్షన్ నాది. వెనక గేటు కెమెరాలు నాలుగు నెలలుగా పనిచేయడం లేదు. రోజూ నేను టైపు చేసే రిపోర్టులో మాత్రం భేషుగ్గా పనిచేసేవి. మా ఆఫీసరు అలాగే రాయమనేవారు. ఒకరోజు ఇక నా వల్ల కాలేదు. ఇలాంటి భద్రతా సంగతి బయట చెప్పకూడదు, కానీ విజిలెన్సుకు రాయవచ్చు. రాసినవాళ్ల పేరు గుట్టుగా ఉంచాలి, వాళ్లను వేధించకూడదు. ఇవన్నీ చెప్పే సర్క్యులర్ టైపు చేసింది నేనే మరి!

విజిలెన్సుకు ఫిర్యాదు రాశాను. అలవాటు కొద్దీ తీసుకెళ్లి మా ఆఫీసరు పేషీలోనే ఇచ్చి, నా కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకుని దర్జాగా ఇంటికొచ్చాను.

మా ఆయన ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. కెమెరాల సంగతి ఆయనకీ చెప్పలేదు. ఆఫీసరు మీద ఫిర్యాదు రాసి ఆ ఆఫీసరుకే ఇచ్చానని మాత్రం చెప్పాను.

"ఏటే, ఎవుల మీద సెప్పాలో ఆళ్ల సేతికే ఇచ్చొచ్చావా?" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. భద్రతా రహస్యాన్ని బయటివాళ్లకు చేరవేశానట. ఉద్యోగం ఊడే నేరం. ఈసారి బుద్ధిగా మళ్లీ ఫిర్యాదు రాసి, కవరు మీద నా పేరు రాయకుండా, ముద్ర ఉన్న పాత కాపీ జతచేసి నేరుగా విజిలెన్సుకు పోస్టు చేశాను.

విజిలెన్సు నుంచి విచారణకు ఒక మేడమ్ వచ్చారు. ఈ సంగతి ఎవరికి చెప్పారని అడిగారు. మా ఆఫీసరుగారికి ఒక్కరికే అన్నాను. ఆవిడ నా కాపీ మీది ముద్రలో తేదీ చూశారు. మెమో కంటే ఆరు రోజులు ముందుది. అంటే విజిలెన్సుకు పంపాల్సిన ఫిర్యాదును ఆయన సొరుగులో పడుకోబెట్టి, కక్షతో మెమో ఇచ్చారన్నమాట. ఆవిడకు నవ్వు ఆగలేదు.

"మీ పేరు దాచే పూచీ మాదమ్మా. మీరే ఆయనకిచ్చి ముద్ర వేయించుకుంటే ఎలా?"

మెమో రద్దయింది. ఆఫీసరుకు బదిలీ అయింది. మా ఆయన వంజరం చేప తెచ్చి తనే పులుసు పెట్టాడు. ఉప్పు ఎక్కువైనా గిన్నె ఊడ్చాను.

కెమెరాలు బాగుచేసిన మర్నాడు, రోజూలాగే "అన్నీ పనిచేస్తున్నాయి" అని టైపు చేశాను. ఇన్ని నెలల తర్వాత, అది నిజం.