పదిహేడో నంబరు సైకిల్

మొన్న మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఎవరో సైకిల్‌కు పంక్చర్ వేస్తుంటే, ఆ సొల్యూషన్ వాసన లిఫ్టు దాకా వచ్చి, నా కాలర్ పట్టుకుని తొంభైల్లోకి ఈడ్చుకుపోయింది. పైన ఇంట్లో మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిరావడానికి ఫోన్‌లో సైకిల్ చూసుకుంటోంది. ఇరవై ఒక్క గేర్లట. ఎక్కకుండా, తొక్కకుండా, వేలితో నాలుగుసార్లు తోసి కొనేస్తుందట. మా నాన్న ఒక్క సైకిల్ ఎంచుకోవడానికి తీసుకున్న కాలంలో ఒక ప్రభుత్వం పడిపోయి ఇంకోటి వచ్చి కుదురుకునేది.

అప్పుడు మేం అశోక్‌నగర్‌లో ఒక మేడ కింది వాటాలో ఉండేవాళ్ళం. నాన్న ఆఫీసు బషీర్‌బాగ్, నా బడి నారాయణగూడ. తొమ్మిదో తరగతికి నేను క్లాస్ లీడర్ని. జేబు మీద రూపాయి బిళ్ళంత ఇత్తడి బ్యాడ్జి ఉండేది. దాన్ని రోజూ పండ్లపొడితో తోమేవాణ్ణి, ఆ మెరుపుకు చౌరస్తాలో బండ్లన్నీ ఆగిపోతాయని నా నమ్మకం. బండ్ల సంగతేమో గానీ సిటీబస్సు మాత్రం ఆగేది కాదు. జూన్ వానల్లో, ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంతో ఒక పక్కకు ఒరిగి, మా స్టాపు ఎదుట బురద మాత్రం దింపి వెళ్ళిపోయేది. రెండుసార్లు బడికి లేటయ్యాను. మూడోసారి అయితే బిళ్ళ పీకి, దాని మీద ఏడాదిగా కన్నేసిన శ్రీకాంత్‌గాడికి పెడతానన్నారు సారు.

నాన్న చలించిపోయాడు. సైకిల్ కొంటే దారిలో నన్ను దింపి ఆఫీసుకు పోవచ్చన్నాడు. కొత్త సైకిళ్ళ దుకాణానికి వెళ్ళి, ధర అడిగి, ఉన్న ప్రతి సైకిల్ బెల్లూ ఒకసారి మోగించి వచ్చేశాం. నాలుగోసారి వెళ్ళినప్పుడు సేటు, "సార్, కొనకముందే బెల్లులు అరగ్గొడుతున్నరు" అన్నాడు.

ఇక మిగిలింది చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో యాదన్న కిరాయి సైకిళ్ళ షాపు. రేకుల షెడ్డు, నూనెమరకల బల్ల, వెనక మడ్‌గార్డుల మీద తెల్ల రంగుతో నంబర్లు వేసిన సైకిళ్ళ బారు. పాతది ఒకటి అమ్ముతానన్నాడు యాదన్న. నాన్న వెంటనే ఒప్పుకుంటే ఆయన నాన్నెందుకవుతాడు? రోజుకొకటి చొప్పున కిరాయికి తీసుకుని, పొద్దున నన్నెక్కించుకుని, నా ఒడిలో పిండి గిర్నీకి పోయే గోధుమల డబ్బా పెట్టి, సాయంత్రం తెచ్చి యాదన్న దగ్గర స్టాండేసి, నడిచి ఇంటికొచ్చి గుణదోషాలు డైరీలో రాసేవాడు. ఆరో నంబరు ఎడమకు తప్ప తిరగదు. కుడి సందులోకి పోవాలంటే మూడుసార్లు ఎడమకు తిరిగి, అశోక్‌నగర్ అంతా ప్రదక్షిణ చేయాలి. పదకొండో నంబరు కుక్కను చూస్తే చాలు, తనంతట తనే ఉరుకుతుంది. రెండు వారాలు గడిచాయి. "పెండ్లిచూపులల్ల గూడ నన్ను గింతసేపు చూడలేదు మీ నాయిన" అన్నది అమ్మ.

చివరికి పదిహేడో నంబరు నెగ్గింది. కొన్నాక కూడా దాని మీద నంబరు చెరిపించలేదు. ఏనుగు మీద అంబారీ ఎక్కినట్టు క్యారియర్ మీద నేను, మొదటిరోజు ప్రేయరుకు పది నిమిషాల ముందే బడిలో దిగాను. శ్రీకాంత్‌గాడి ముఖం ఉడికించిన బెండకాయలా వాలిపోయింది. సాయంత్రం నాన్న ఈల వేసుకుంటూ, వేడి మిర్చి బజ్జీల పొట్లంతో ఇల్లు చేరాడు. ఆ మిర్చిల ఘాటులో మేమెవ్వరం ఇంకేదీ గమనించలేదు.

తెల్లారి చూస్తే వాకిట్లో సైకిల్ లేదు. సగం గడ్డం గీసుకున్న నాన్న దొంగలు దొంగలని కేకేస్తే సందంతా పోగైంది. అమ్మ ఒక్కతే నిదానంగా అడిగింది:

"నిన్న మీరు నడుచుకుంటనే వస్తిరి గద?"

రెండు వారాల అలవాటు! కొన్న సైకిల్‌ను కూడా యాదన్న దగ్గరే స్టాండేసి వచ్చాడు మహానుభావుడు.

మిగిలిన సగం గడ్డంతోనే ఉరికాడు, వెనక పుస్తకాల సంచితో నేను.

"మనసు మారిందనుకున్న సార్" అన్నాడు యాదన్న. "ఎనిమిదింటికి ఒక మేస్త్రి గంట కిరాయికి తీస్కపోయిండు. ఇంకొక్క సైకిల్ గూడ లేదు."

తొమ్మిదికి బడి గంట. ఎనిమిదీ నలభై ఐదుకు, గాంధీనగర్‌లో ఇల్లు కడుతున్న పాలమూరు మేస్త్రి, హ్యాండిల్‌కు ఖాళీ టిఫిన్ గిన్నె తగిలించుకుని, మా సైకిల్ మీదే వచ్చాడు.

"దిగన్నా, అది నాది" అన్నాడు నాన్న.

"నీదెట్లయితది సారూ? తొమ్మిదింటి దాంక నాది. ఇంక పావుగంటున్నది."

న్యాయమేనన్నట్టు యాదన్న తలూపాడు. రూల్సంటే ప్రాణమిచ్చే నాన్న పట్టుకోబోయిన హ్యాండిల్‌ను వదిలేశాడు. నేను బ్యాడ్జి మీద చెయ్యేసుకుని, మూసీ పొంగినట్టు ఏడ్చాను.

"గా బిళ్ళేంది పోరగా? పోలీసువా?"

"క్లాస్ లీడర్ని. లేటయితే పీకేస్తరు."

మేస్త్రి సైకిల్ రోడ్డు వైపు తిప్పాడు. "ముందే జెప్పొద్దా? కూసో బిడ్డా!"

సిమెంటు అంటిన ఆ చొక్కా పట్టుకుని వెళ్ళిన వేగానికి నా కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి పోయాయి. మాకోసం ఎన్నడూ ఆగని బస్సును నారాయణగూడ చౌరస్తాలో దాటేశాం. అటెండరు కొట్టిన మొదటి గంటకు నా కాలు గేటు లోపలుంది. అక్కడ నాన్న యాదన్న బల్ల మీద కూర్చుని, సొంత సైకిల్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

ఆ రోజు నుంచి అమ్మ ఆయన టిఫిన్ డబ్బాలో చీటీ పెట్టేది: "సైకిల్ ఇంటికి తేవాలె."

ఇప్పుడా షెడ్డు చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. గంటల లెక్కన సైకిల్ ఇచ్చేవాళ్ళు లేరు, ఇత్తడి బిళ్ళ ఎక్కడో జారిపోయింది. పదిహేడు అని రాసున్న మడ్‌గార్డు ముక్క ఒక్కటే నా అలమరలో ఉంది.

"నాన్నా, ఏది తీస్కోను?" అని ఫోన్ ముందు పెట్టింది మా అమ్మాయి.

"దీనికి క్యారియర్ ఏదమ్మా?"

"వీటికి ఉండదు. అయినా ఎనక ఎవరు కూసుంటరు?"

"క్యారియర్ ఉన్నదే చూడు బిడ్డా" అన్నాను. "ఎవరికన్న ఒక పావుగంట అవసరం పడుతది."