పడుగు కొస

దశరథం మగ్గం మీద కూర్చుని, పోగును అటూ ఇటూ ఉరికించే నాడె విసిరితే, ఆ వేగం చూసి సిగ్గుపడి ఆలేరు స్టేషన్లో రైలు ఆగిపోయేదని లతీఫ్ ఊరంతా చెప్పేవాడు. ఆ రైలు అక్కడ ఎలాగూ ఆగేదే. ఆటో నడిపే లతీఫ్‌కు ఇలాంటి చిన్న సంగతులు అడ్డం రావు.

ఆ నాడె ఒకరోజు దశరథం చేతిలోంచి జారింది. మర్నాడూ జారింది. బొటనవేలి కింద కండ గుంటపడింది. చర్మం కింద పురుగు పాకినట్టు అదురు మొదలైంది. హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ మోటార్ న్యూరాన్ జబ్బు అంది. కండరాలను కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయని, నయం చేసే మందు లేదని చెప్పింది. దశరథం తలూపాడు. ఎవరో పక్కింటివాడి సంగతి విన్నట్టే ఉంది.

"మూలకణాలతో ఒక పరీక్ష జరుగుతోంది. మీ ఎముక మూలుగలోంచే కణాలు తీసి వెన్నులోకి ఎక్కిస్తారు. పనిచేస్తుందని ఇంకా తేలలేదు. బతికున్న నరాలను కొన్నాళ్లు కాపాడుతుందేమో చూస్తున్నారు. మూడు నెలలకు రండి, మిమ్మల్ని అందులోకి తీసుకుంటారో లేదో చూద్దాం," అంది.

తిరుగు దారిలో, వెంట వచ్చిన లతీఫ్ అందుకున్నాడు. "కేతేపల్లి కాడ ఒకాయనకు గా సూదే ఇచ్చిండ్రంట అన్నా. మూడో దినం గుట్ట మెట్లు ఉరికిండంట. కోతులే పక్కకు జరిగినయంట."

"నువ్వు చూసినవా?"

"కోతులను చూసిన."

దశరథం నవ్వలేదు. బతికున్న నరాలు అన్న మాటే బుర్రలో నిలిచింది. మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు దాన్ని చివరిదాకా నేయడు. పోగులను దువ్వెనలా పట్టి ఉంచే అచ్చులో జానెడు కొస మిగులుస్తాడు. కొత్త పడుగు పోగులను ఆ పాత పోగులకే ఒక్కొక్కటిగా అతుకుతాడు. నరాలూ అంతే అనుకున్నాడు. ఉన్నవాటిని వాడకుండా దాస్తే కొత్తవి వాటికి అతుక్కుంటాయి.

ఆ రోజు నుంచి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చీర పూర్తికి ఇంకో మూరెడే నేయాల్సి ఉన్నా మగ్గం ముట్టలేదు. భార్య మంజులతే అన్నం కలిపి పెట్టింది.

"జర గ్లాసన్న పట్టుకోరాదయ్యా."

"ఉన్నదంత దాస్తున్న. ఖర్చు చెయ్య."

మూడు నెలలకు డాక్టరమ్మ గొట్టంలో ఊదించింది. ఊపిరి బలం చాలదని, పరీక్షలోకి తీసుకోరని చెప్పింది.

"చెయ్యి చూడరా మేడం? మూడు నెలల సంది దాచిన."

ఆమె అతని చెయ్యి పట్టుకుని చూసింది. "దాస్తే మిగిలేవి కావు దశరథం గారూ. చేతనైనంత నేసుకుంటే బాగుండేది."

ఆలేరు దాకా లతీఫ్ ఒక్క అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చి దశరథం మగ్గం ఎక్కాడు. నాడె పట్టబోతే వేళ్లు ముడుచుకోలేదు. మూడు నెలల కింద ముడుచుకునేవి. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. మంజులత పక్కన కూర్చుని నాడె ఆడించింది, అతను కాళ్లతో మగ్గం కింది కర్రలు తొక్కాడు. సాయంత్రానికి చీర పూర్తయింది. ఆమె కత్తెర తీసింది.

"కొస ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

దశరథం అచ్చులో మిగిలిన జానెడు పడుగు వైపు చూశాడు.

"ఉంచు. కాళ్లింక తొక్కుతున్నయి."