చెవి మేస్త్రి చెప్పిన సాక్ష్యం

ఆ లారీల షెడ్డులో అతన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. బండి గేటు దాటే ముందు చక్రాల నట్లను సుత్తితో కొట్టి, చప్పుడు విని బిగువు చెప్పేవాడు. బిగిసిన నట్టు ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. ముప్పై ఏళ్లుగా అతని మాటకు తిరుగులేదు. యజమాని బిగువు కొలిచే కొత్త పానా కొనిస్తే, "చెవి లేనివాళ్లకిచ్చుకోండి" అని బీరువాలో పడేశాడు.

ఆ మాట ఏ దేవుడి చెవిన పడిందో గానీ, రెండేళ్లుగా మేస్త్రికి చెవులు పనిచేయడం లేదు. ఈ సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. పెదవులు చూసి మాటలు పట్టేవాడు, పట్టలేకపోతే విసుక్కునేవాడు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, అంతకంటే ముందు పేరు పోతుంది. నమస్కారం పెట్టిన డ్రైవర్లే చాటున పకపకా నవ్వుతారని అతని భయం. పానా బయటికి తీస్తే గుట్టు రట్టే. అందుకని వినపడని సుత్తినే రోజూ ఠీవిగా కొట్టి, తలూపి బళ్లు పంపేవాడు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే అది అతని గొప్ప కాదు, ఎక్కినవాళ్ల అదృష్టం.

ఒక ఉదయం అక్కడే లారీ నడిపే సొంత అల్లుడే వచ్చాడు.

"మామయ్యా, వెనక ఎడమ చక్రం ఊగుతున్నట్టుంది. ఒక్కసారి పానా పెట్టి చూడండి."

నలుగురు డ్రైవర్లు టీ తాగుతూ ఇటే చూస్తున్నారు. మేస్త్రి సుత్తి అందుకున్నాడు. ఐదో నట్టు దగ్గర దెబ్బ చేతికి తేడాగా తగిలింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నలుగురూ ఇంకా చూస్తూనే ఉన్నారు.

"నా చెవికే పరీక్ష పెడుతున్నావా అల్లుడూ? అంతా బ్రహ్మాండంగా ఉంది, బయల్దేరు."

"మీరన్నాక ఇంకేముంది" అని నవ్వి అల్లుడు బండెక్కాడు.

మధ్యాహ్నానికి కొండ దిగే మలుపులో చక్రం ఊడి లారీ లోయలో పడింది. మనిషిని బయటికి తియ్యడానికి క్యాబిన్ రేకు కొయ్యాల్సి వచ్చింది.

మూడో రోజు విచారణకు అధికారి షెడ్డుకొచ్చాడు. మేస్త్రి కూతురు గోడకానుకుని నిలబడింది.

"బండి పంపేముందు నట్లు చూశారా?"

"చూశాను సార్. అన్నీ బిగువే."

కూతురు భోరుమంది. "మా నాన్న చెవి తప్పదు సార్! మా ఆయనే తొందర మనిషి. మలుపుల్లో నెమ్మదిగా పోవయ్యా అని కాళ్లావేళ్లా పడ్డాను, విన్నాడా? నన్నూ బిడ్డనీ నడిరోడ్డున పడేసి పోయాడు." తండ్రి వైపు తిరిగింది. "నువ్వే చెప్పు నాన్నా, తప్పు ఆయనదే కదా?"

ఆ మాటను మాత్రం మేస్త్రి ఆమె పెదవుల మీద పొల్లుపోకుండా చదివాడు. నిజం చెబితే ఈ పిల్ల జన్మలో తన మొహం చూడదని తెలుసు.

"అవునమ్మా. అతనికెప్పుడూ తొందరే" అన్నాడు.

అధికారి ఆ మాట రాసుకుని, కింద మేస్త్రి చేత సంతకం పెట్టించుకున్నాడు. కూతురు తండ్రి భుజం మీద తల ఆనించి, చచ్చినవాణ్ణి తిడుతూ ఏడ్చింది.