ఇంజను మిగిల్చిన ఊక

మొన్న సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్తుంటే మా బస్సు ముందు ఒక ఊక లారీ, పైన కప్పిన పట్టా చాలక, దారిపొడవునా రాల్చుకుంటూ పోతోంది. పక్క సీటాయన విసుక్కుంటూ కిటికీ మూశాడు గానీ, నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చింది.

అమ్మ పోయాక పాలకీడు నుంచి నన్ను తెచ్చుకుని పెంచింది ఆమే. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు కళ్లంలో వడ్లు ఎండబోసే పని ఆమెది. సాయంత్రం ఇంటికి పోతూ ఆడవాళ్లు తలా ఒక గంప ఊక తీసుకుపోవడం ఆ మిల్లులో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఊకపొయ్యి సంగతి మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు. నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, సీసా మెల్లగా లాగేసి అంటిస్తే అన్నం, కూర అయ్యాక నీళ్లు కూడా కాగేవి. నేను డిప్లొమా దాకా చదివింది ఆ పొయ్యి మీది అన్నంతోనే.

ఎనభైల చివర్లో కరెంటు కోతలతో వేగలేక మిల్లు సేటు, ఊకను మండించి తీసే గ్యాసుతో నడిచే ఇంజను పెట్టించాడు. దాన్ని బిగించిన కంపెనీలోనే నాకు కొత్తగా ఉద్యోగం. ఇంజను ఎంత ఊక తింటోంది, ఆ వేడిలో పనికొచ్చేదెంత, పొగగొట్టం పాలయ్యేదెంత అని లెక్కగట్టడం నా పని. కోదాడలో, మునగాలలో కూడా ఇవే లెక్కలు కట్టాను గానీ, ఇక్కడ ఊక తూకం వేసి చూసేసరికి అత్త గంపే కళ్లముందు మెదిలింది. ఇంజను కడుపు నిండితే ఆడవాళ్లకు గంపెడు కూడా మిగలదు. మిగిలితే మునుపటిలాగే తీసుకుపొండి, లేకుంటే నేనేం చేసేదని సేటు అన్నాడు. న్యాయమే కదా అనిపించింది.

తడి ఊక వేస్తే దాని వేడి తడి ఆరడానికే ఖర్చయిపోతుందని, ఎండిన ఊకైతే ఇంజను తక్కువ తింటుందని అత్తకు చెప్పాను. అంతే, మర్నాటి నుంచి ఆడవాళ్లంతా మధ్యాహ్నం కునుకు మానుకుని, కూలి మాటెత్తకుండా, ఊకను కళ్లం మీద పలచగా పరిచి కాళ్లతో తిప్పుతూ ఎండబెట్టారు. ఇంజనుకు కూడా బాలింత పత్యం పెట్టాల్సొచ్చిందని ఒకటే నవ్వులు. నేనూ గ్యాసు కారే చోటల్లా మూసి, గాలి సరిచేసి మళ్లీ తూకం వేశాను. ఇంజను తిండి తగ్గింది. కళ్లం మూలన ఇంత కుప్ప మిగిలింది. ఆ మాట అత్తకు చెప్పడానికి పరిగెత్తాను.

వారం తిరక్కుండా ఇటుకబట్టీ లారీ వచ్చి ఆ కుప్పను ఎత్తుకుపోయింది. మంచి బేరం కుదిరిందని సేటు నా భుజం తట్టాడు. ఆ సాయంత్రం అత్త ఖాళీ గంప పక్కన పెట్టుకుని, కోపం లేకుండానే అడిగింది: “గంత మిగిలింది గద కొడుకా, నీ లెక్క మంచిగనే ఉన్నది. మరి మా పొయ్యిలకేది?”

మిగిలితే తీసుకుపొమ్మన్నారు కదా అని సేటును అడిగితే, నీ లెక్కలు నువ్వు చూసుకొమ్మన్నాడు. ఆ తర్వాత ఆమె కాలువ గట్టున సర్కారు తుమ్మ కంప కొట్టుకొచ్చి వండేది, ముళ్లు దిగి వాచిన చేతులతోనే నాకు వడ్డించేది. తిట్టినా బాగుండేదని ఏడ్చాను.

ఆ ఇంజన్లు తుప్పుపట్టి పాత ఇనుము కింద పోయాయి. ఇంధనం లెక్కలు ఇప్పటి పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని చిటికెలో తేల్చేస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. ఆ రోజుల్లో గ్యాసు కనెక్షనంటే ఏళ్లతరబడి ఎదురుచూడాలి కదా. నా వంతు వచ్చి సిలిండరు ఇంటికి చేరేనాటికి అత్త లేదు. ఇప్పుడు మా వంటింట్లో పొయ్యి క్షణంలో అంటుకుంటుంది. ఆ మంట మీద ఉడికిన అన్నం ఆమె ఒక్కపూటైనా తినలేదు.