మా ఆవిడ ఆ మీట నొక్కలేదు

మా కంపెనీ బస్సులో పాశమైలారం వెళ్లే వాళ్లందరికీ మా ఆవిడ గురించి ఒక సంగతి తెలుసు. ఆవిడ నా ఫోన్‌లో వచ్చే ప్రతి కాల్‌నూ రికార్డు చేయించి, సాయంత్రం తీరిగ్గా కూర్చుని వింటుందట. ఆ సంగతి బస్సు దిగి కాలనీలోకి నడిచింది, కాలనీలోంచి మా ఇంటి కుట్టుమిషన్ దాకా వచ్చింది. అది శుద్ధ అబద్ధం. పుట్టించింది నేను. ఇందులో సగం తప్పు ఫోన్‌దని మొదట్లో అనుకునేవాణ్ని. ఈ మధ్య ఫోన్ వాటాను పావుకు తగ్గించాను.

నా పాత ఫోన్ బ్యాటరీ పూరీలా ఉబ్బి వెనక మూతను పైకి లేపేసింది. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ల దగ్గర పనిచేసేవాడికి ఉబ్బే వస్తువులంటే మంచి అభిప్రాయం ఉండదు. ఆ ఆదివారమే పటాన్‌చెరులో ఫోన్ల షాపుకు వెళ్లాను. యాసిడ్ చుక్కలు పడి నా చొక్కాకు చిల్లులున్నా అక్కడి సేల్స్‌మన్ అధైర్యపడలేదు.

"సార్, ఇది ఫ్లాగ్‌షిప్" అన్నాడు.

అంటే ఏమిటని అడిగాను.

"అన్నింటికన్నా పైది సార్. దీని మీద ఇంకోటి లేదు."

యాభైకి దగ్గరపడుతున్న నా దగ్గర, దాని మీద ఇంకోటి లేని వస్తువు ఒక్కటి కూడా లేదు. కొనేశాను.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే ఫోన్ ఉంది, ఒక తీగ ఉంది, చార్జర్ లేదు. పర్యావరణం కోసం ఇవ్వడం మానేశారని కాగితం మీద రాసి ఉంది. పర్యావరణాన్ని కాపాడే పని నా చార్జర్ దగ్గర మొదలుపెట్టాలని, బొల్లారం ఫ్యాక్టరీల గాలి పీల్చి పెరిగిన నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం కూడా లేదు. వెనక కెమెరాలు మాత్రం దద్దుర్లలా లేచి ఉన్నాయి. బల్ల మీద పెట్టి ఒక అక్షరం నొక్కితే, ఒక కాలు పొట్టిదైన పీటలా టక్కున అటు ఒరుగుతుంది. ఇంకో అక్షరం నొక్కితే ఇటు ఒరుగుతుంది.

ఆ కెమెరాలకు సొంత అభిప్రాయాలున్నాయి. కాజీపల్లి మీద పొగతో టీ రంగులో ఉన్న సాయంకాలపు ఆకాశాన్ని ఫోటో తీస్తే, అది తప్పని తేల్చుకుని నీలం పూసింది. నా ముఖం తీస్తే ముడతలు పోయాయి, వాటితోపాటు మీసంలో కొంత భాగం పోయింది. వేలిముద్రతో తెరుచుకుంటుందన్నారు గానీ, ఇన్నేళ్లు సాల్వెంట్లనే రసాయనాల్లో నానిన నా వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఎన్నిసార్లు పెట్టినా "మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. చివరికి అంకెలు పెట్టుకున్నాను. ఆ అంకెలు నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియవు. ఈ ముక్క గుర్తుంచుకోమని మనవి.

మా ఫ్యాక్టరీలో ఫోన్‌ను గేటు దగ్గర బంద్ చేసి, గార్డుకు చూపించి, అరలో పెట్టి లోపలికి వెళ్లాలి. పాత ఫోన్‌లో పక్కనున్న మీట నొక్కి పట్టుకుంటే ఆగిపోయేది. దీంట్లో అదే మీట నొక్కి పట్టుకుంటే లోపల ఒకావిడ మేల్కొని "మీకు ఎలా సహాయపడగలను?" అంటుంది. మొదటిరోజు గేటు దగ్గర ఆవిడ మూడుసార్లు మేల్కొంది. నా వెనక షిఫ్టు మొత్తం ఆగిపోయింది.

బీహార్ నుంచి వచ్చిన గార్డు నా ఫోన్ వైపు జాలిగా చూసి, ఆ మేడమ్‌నే ఆపమని అడగమన్నాడు. "సాబ్, మేడమ్‌కో బోలో, బంద్ కరేగీ."

చెప్పాను. ఆవిడ ఫోన్లు బంద్ చేయడం గురించి ఇంటర్నెట్‌లో దొరికిన వ్యాసాలు చూపించింది.

"జల్దీ కానియ్యే అన్నా! పంచింగ్ టైం అయిపోతుంది" అని వెనక నుంచి అరిచారు. "నీ సంసారం తర్వాత సూస్కో!"

ఇంతవరకు ఫోన్ తప్పులు. ఇక నాది.

మా ప్లాంటులో చాలా పనులు నోటిమాట మీద నడుస్తాయి. షిఫ్టు ఇన్‌చార్జి ఇంట్లో భోంచేస్తూ కంట్రోల్ రూమ్ సెల్‌ఫోన్‌కో, డ్యూటీకి బయల్దేరుతున్న మనకో ఫోన్ చేసి, రియాక్టర్ వేడి ఇంకో రెండు డిగ్రీలు పెంచమంటాడు. బ్యాచ్ బాగా వస్తే అది ఆయన అనుభవం. పాడైతే, తెల్లారి అందరి ముందూ "నేనెప్పుడు చెప్పాను?" అంటాడు. ఒకసారి నేను అలా ఇరుక్కున్నాను. అప్పటినుంచి నా ఫోన్‌లో అన్ని కాల్స్ వాటంతటవే రికార్డయ్యేలా పెట్టుకున్నాను. నాలా పెట్టుకున్నవాళ్లు ప్లాంటులో ఇంకా ఉన్నారు. కాకపోతే వాళ్లు ఇన్‌చార్జి ఒక్కడివే చేస్తారు. నేను బద్ధకంగా అందరివీ పెట్టాను. పాలవాడివి, మా ఆవిడవి, మా అన్నవి కూడా.

అన్నంటే సొంత అన్న కాదు. మా బస్సు దారిలో ఉన్న ఒక ఊరి రైతు కుటుంబం. పొలంలో కొంత పారిశ్రామిక ఎస్టేట్ కింద పోయాక ఫ్యాక్టరీలో చేరాడు. మా నాన్న ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డాడు, నేను ఇక్కడే పుట్టాను. అయినా నేను "ఏమిటి" అన్న ప్రతిసారీ అన్న నన్ను కొత్త చుట్టంలా చూసి నవ్వుతాడు. చేరిన నాటి నుంచి బస్సులో మాది ఒకటే సీటు.

కొత్త ఫోన్‌లో రికార్డింగ్ మీట ఎక్కడుందో వెతకడానికి ఒక సెలవుదినం పట్టింది. దొరికాక, చీమ తలకాయంత అక్షరాలతో ఒక పేజీ వచ్చింది. కళ్లజోడు టీవీ దగ్గరుంది. "అంగీకరిస్తున్నాను" అని నొక్కేశాను.

ఆ సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. అప్పుడు యూనియన్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, అన్న నిలబడాలా వద్దా అని ఊగుతున్నాడు. నేను ఎత్తి "చెప్పన్నా" అన్నాను. అన్న నోరు తెరిచేలోపల ఒక ఆడగొంతు స్పష్టంగా, "ఈ కాల్ ఇప్పుడు రికార్డ్ చేయబడుతోంది" అంది.

నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను.

"ఎవరామె?" అన్నాడు అన్న.

"ఎవరూ లేరన్నా."

"లేకుంటే గట్ల ఎట్ల మాట్లాడింది? టీవీనా?"

"కాదన్నా, ఫోన్."

"రికార్డు అన్నది గదా తమ్మీ." గొంతు మారింది. "నా మాటలు రికార్డు చేస్తున్నవా? ఎవ్వనికి ఇనిపిస్తవ్? మేనేజర్‌కా?"

నిజం అప్పుడే చెప్పి ఉండాల్సింది. అలవాటన్నా, ఇన్‌చార్జి భయంతో పెట్టుకున్నానన్నా అని ఒక్క మాట చాలు. కానీ మేనేజర్ పేరు వినగానే నా నాలుక దానంతటదే ఒక నిర్ణయం తీసుకుంది.

"నేను కాదన్నా! మా ఆవిడ ఏదో పెట్టినట్టుంది. నేను ఎవరితో మాట్లాడుతున్నానో ఆవిడకి తెలియాలట."

అన్న పగలబడి నవ్వాడు. "ఓరి నీ! మరదలు గంత ఖతర్నాక్ ఉన్నదా? మరి ఇన్నేండ్ల సంది చెప్పకపోతివి!"

అంత నవ్వు విన్నాక నాకు ప్రాణం లేచి వచ్చింది. మా ఆవిడ అప్పుడు వంటింట్లో నాకోసం ఉప్మా కలుపుతోంది.

మర్నాడు నేను బస్సెక్కేసరికి అందరికీ తెలిసిపోయింది. వెనక సీటు కుర్రాడు వంగి, నా చొక్కా జేబుతో మాట్లాడాడు. "వదినా, నమస్తే. అన్న మొన్న మా తాన మిర్చి బజ్జీలు తిన్నడు. బీపీ ఉన్నదని చెప్తె ఇనలే. నోట్ చేస్కో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడ ఆగినా బాగుండేది. కానీ భార్యకు భయపడే మగవాడంటే ఆ బస్సులో ఎంత ఆదరణో నాకు అప్పుడే తెలిసింది. కిటికీ పక్క సీటు ఇచ్చారు. ఎదురుచూసి మరీ అడిగేవాళ్లు, నిన్న ఏమైందని. నేను కల్పించాను. ఆవిడ రికార్డింగులో బస్సు హారన్ విని నేను ఏ స్టాపులో ఉన్నానో చెప్పేస్తుందన్నాను. దగ్గు విని ఎవరో పోల్చుకుంటుందన్నాను. వర్షాకాలం మొత్తం ఇదే నడిచింది. రికార్డింగ్ మీట మాత్రం ఆ మొదటిరోజే ఆపేశాను. మిగతాదంతా నా సొంత ప్రతిభ.

మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కాలనీ ఆడవాళ్లు కొలతలకని వచ్చి, అత్తల గురించి, మొగుళ్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుని, మనసు తేలిక చేసుకుని వెళ్లేవాళ్లు. ఆవిడ ఒకరి మాట ఒకరికి చేరవేసిన మనిషి కాదు. అందుకే చెప్పేవాళ్లు. ఆ వానాకాలంలో వాళ్లు మాటలు మానేశారు. కొలతలిచ్చి, "ఎప్పుడు రమ్మంటవ్?" అని వెళ్లిపోతున్నారు. ఒకామె వస్తూనే ఫోన్ బంద్ చేసి సంచిలో అడుగున పెట్టిందట. మా ఆవిడకు కారణం అర్థం కాలేదు. తన కుట్టు పాడైందేమోనని, చూపు తగ్గిందేమోనని బాధపడి కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చింది. నేనే తీసుకెళ్లాను.

అన్న వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం నాడు బయటపడింది. అన్న భార్య మా ఆవిడకు బొట్టు పెడుతూ, ప్రేమగానే అన్నదట: "చెల్లే, మొగోన్ని గంత గట్టిగ పట్టుకోవద్దే. ఫోన్లు గిట్ల రికార్డు చేస్తరా ఎవలన్న? పాపం, బస్సుల అందరు నవ్వుతున్నరు."

ఇంటికొచ్చాక మా ఆవిడ అరవలేదు. తాంబూలం బల్ల మీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"మీ ఫోన్ ఒకసారి ఇటివ్వండి."

ఇచ్చాను.

"తెరవడానికి అంకెలు అడుగుతోంది. ఏమిటవి?"

నేను తాంబూలం వైపు చూశాను.

"నాకు తెలియదు కదా. మరి ఏ మీట నొక్కానండీ నేను?" అంది. ఫోన్ నా ముందు పెట్టి, "నా కళ్లు బాగానే ఉన్నాయని ఆ డాక్టర్ అన్నప్పుడు కూడా మీరు పక్కనే ఉన్నారు" అంది.

తర్వాత లేచి, కత్తిరించాల్సిన బట్ట తీసుకుంది. ఆ రోజంతా కత్తెర చప్పుడే నాతో మాట్లాడింది.

మర్నాడు బస్సు కదలగానే సీటు పట్టుకుని లేచి నిలబడ్డాను. మా ఆవిడకు ఏమీ తెలియదని, రికార్డు చేసింది నేనని, ఏళ్లుగా చేస్తున్నానని, మిగతాదంతా కల్పించానని చెప్పాను. డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

అన్న నా వైపు తిరిగాడు. "నాయి గూడ ఉన్నయా?"

"ఉన్నాయన్నా. పాత ఫోన్‌వి ఇందులోకి వచ్చాయి."

"పెట్టు ఒకటి. ఇందాం."

పెట్టాను. అన్న తన బర్రె పాలు తగ్గించిన విషయం వివరంగా చెబుతున్నాడు. ఇంకోటి పెట్టమన్నాడు. అదే బర్రె. మూడోదాంట్లో నేను ఫోన్ పక్కన పెట్టేసి టీవీ చూస్తున్నట్టు వినిపిస్తోంది. అన్న ఒక్కడే మాట్లాడుతున్నాడు.

"తమ్మీ" అన్నాడు ఫోన్ వైపే చూస్తూ. "నేను గింత సోది చెప్తనా?"

"లేదన్నా."

"మల్ల అబద్ధం." నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, నాకు వీపు తిప్పి, ఒక్కొక్కటే తుడిపేయడం మొదలుపెట్టాడు. కోపం నా మీదో, బర్రె మీదో తెలియలేదు గానీ, సీటు మాత్రం మారలేదు.

అంతా అయిపోయిందనుకుని కూర్చోబోయాను. అప్పుడు వెనక నుంచి ఆ కుర్రాడి గొంతు: "అన్నా, గిదంత చెప్పమని వదిననే పంపిందా?"

బస్సు బస్సంతా ఘొల్లుమంది. కాదన్నాను. ఒట్టేశాను. ఎంత గట్టిగా కాదంటే అంత నమ్మారు. "పాపం, గిప్పుడు గూడ ఇంటున్నట్టున్నది" అన్నాడు ఇంకెవరో. డ్రైవర్ కూడా నవ్వాడు.

సాయంత్రం మా ఆవిడ అడిగింది. "చెప్పారా?"

"చెప్పాను."

"నమ్మారా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ, "మీరు అబద్ధం చాలా గట్టిగా కుట్టారండీ" అంది. అందులో మెచ్చుకోలు లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. రాయొద్దంది. రాస్తే తనే కూర్చోబెట్టి రాయించిందంటారంది. అనుకోండి. కానీ బస్సులో ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లో ఒకసారి పైకి చదవండి, ఆడవాళ్లు వినేలా. కొలతలకు వచ్చినప్పుడు ఇదివరకటిలాగే మాట్లాడుకోవచ్చు. ఫోన్ ఆపక్కర్లేదు. కొలతల టేపు మెడలో వేసుకున్న ఆ మనిషి ఎవరి మాటా రికార్డు చేయలేదు. ఆ పని చేసింది ఆ ఇంట్లో ఇంకొకడు. మీరు వచ్చే వేళకు వాడు డ్యూటీలో ఉంటాడు.