గబ్బు పోయిన పొద్దు

మా బెళుగుప్ప పక్క గబ్బు అంటే కంపు. పాచిపోయిన కూడు గబ్బు, మురుగుకాలువ గబ్బు, పరువు పోతే పేరు గబ్బయిందంటాం. ఎదురింటి హనుమక్కనైతే మనిషినే గబ్బు అనేవాళ్లం. ముప్పై ఏళ్లుగా గొర్రెల్లో తిరిగే మనిషి. ఒకసారి బస్సులో ఆమె పక్కన కూర్చోలేక లేచి నిలబడిన పెద్దమనిషిని నేనే. తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె కూతురు మహేశ్వరిది గుంతకల్లు రైల్వే క్వార్టర్స్. కాన్పు కూడా అక్కడే అయింది. మనవడికి పేరు పెట్టే రోజొచ్చింది. "మా, ఆ గొర్రెల గబ్బు లేకుండా రా. మా అత్తోళ్లు ముక్కు మూసుకుంటారు" అని కూతురు ఫోన్ చేసి చెప్పిందట.

ఆ మాట ముల్లులా దిగింది. హనుమక్క తెల్లారకముందే వాసన సబ్బుతో రెండుసార్లు ఒళ్లు రుద్దుకుంది. చేతులకు కూడా పౌడరు పూసుకుంది. కొత్త చీర కట్టి, ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉంది. "బస్సొచ్చిందేమో చూడప్పా" అని నన్ను నాలుగుసార్లు అడిగింది.

అంతలో దొడ్డిలో గొర్రె ఈనింది. హనుమక్క ఉరికి, ఆ పౌడరు చేతులతోనే పిల్లను తుడిచి తల్లి ముందు పెట్టింది. తల్లి దాన్ని ముక్కుతో మూచూసి, పౌడరు వాసనకు తలతో కుమ్మి తోసేసింది. మళ్లీ పెడితే మళ్లీ తోసింది. తొలిపాలు దక్కకపోతే పిల్ల బతకదు.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. హనుమక్క అటు చూసింది, ఇటు చూసింది. చెంగు దోపుకుని కూలబడి, నేల మీది ఉమ్మనీటి జిగురంతా ఎత్తి పిల్లకు పులిమింది. బస్సు వెళ్లిపోయింది. తల్లి మళ్లీ మూచూసింది. ఈసారి నాకింది.

ఫోన్ మోగింది. ఆమె చేతుల నిండా జిగురుందని నేనే స్పీకర్ పెట్టి పట్టుకున్నాను.

"యాడుండావు మా?"

"దొడ్లో. గబ్బు పోయిందని ఈడ తల్లి బిడ్డను తోసేసింది మే. గబ్బు ఉండాదని ఆడ బిడ్డ తల్లిని తోసేస్తాండాది. నన్నేం చేయమంటావు?" అంది హనుమక్క, పిల్లను తల్లి పొదుగు దగ్గరికి జరుపుతూ.

అవతల చంటివాడి ఏడుపు వినబడుతోంది.

"అట్లే రా మా. పిల్లోన్ని ఫస్టు నీ చేతికే ఇస్తా."

ఆ చీరతోనే రెండో బస్సెక్కింది. నాకు గుంతకల్లులో ఏ పనీ లేదు. అయినా ఎక్కి ఆమె పక్కనే కూర్చున్నాను. గబ్బు బాగానే కొట్టింది. లేవలేదు.