అత్తమ్మ తారీఖు నోటు

నేను బస్సు కండక్టర్‌ను. నల్గొండ నుంచి నకిరేకల్ పోయే రూటుల చాన ఏండ్లు చేసిన. ఒకనాడు డ్యూటీ దిగి డిపోల పైసలు కడుతుంటే, పది రూపాయల నోటు మీద నా బిడ్డ పుట్టిన తారీఖు కనిపించింది. నంబరుల చివరి ఆరు అంకెలు సరిగ్గ తారీఖు, నెల, ఏడాది. నా సొంత పది రూపాయలు పెట్టి ఆ నోటు మార్చుకున్న. ఇంటికి తెచ్చి ఇస్తే బిడ్డ పొద్దుమీకేదాక దాన్ని చేతుల పట్టుకొనే తిరిగింది.

అప్పటి సంది నోటు చేతికొస్తే నంబరు చూసుడు అలవాటైంది. కొడుకుది దొరికింది, మా ఆయనది దొరికింది. మా పెండ్లి తారీఖు చిట్యాల దిక్కు డ్యూటీ పడ్డప్పుడు ఒక యాభై నోటు మీద దొరికింది. అన్నీ ఒక పాత ఆల్బం కవర్లల్ల పెట్టిన.

ఇంట్ల అత్తమ్మది ఒక్కటే మిగిలింది. ఆమె కూలికి పోయి ముగ్గురు పిల్లల్ని సాదిన మనిషి. ఆధార్ కార్డు మీద ఆమె పుట్టిన దినం జనవరి ఒకటి. ఆ నోటు దొరికినప్పుడు సంబురంగ తీస్కపోయి ఆమె చేతుల పెట్టిన.

ఆమె నవ్వింది. "గిది నా పుట్టిన దినం కాదు బిడ్డా. కార్డు రాసిన పిలగాడు ఏసిన దినం. మా వాడకట్టుల సగం మంది గదే దినం పుట్టిండ్రు."

"మరి నీది ఏ దినం అత్తమ్మా?"

"మా అవ్వకే యాది లేదు, నాకెట్ల తెలుస్తది? నాట్లప్పుడు పుట్టిన్నని చెప్పేది."

మళ్ల తనే అన్నది. "నాకు ఎరుకైన తారీఖు ఒక్కటే ఉన్నది. మహిళా సంఘంల మొదటిసారి వేలిముద్ర ఎయ్యకుంట సంతకం పెట్టిన దినం. పేరు కింద తారీఖు గూడ నన్నే రాయుమన్నరు. ఒక్కొక్క అంకె చూసుకుంట రాసిన. అయిదో తారీఖు, తొమ్మిదో నెల, రెండువేల ఆరో సంవత్సరం. నా చేత్తోని రాసిన మొదటి తారీఖు గదే."

ఆమె సంతకం ఎన్నోసార్లు చూసిన. దాని ఎనుక గింత కథ ఉన్నదని ఏనాడు అనుకోలేదు. ఆ తారీఖు నోటు ఎట్లయిన తెస్తనని చెప్పిన.

చెప్పినంత అలకగ దొరకలేదు. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక నా చేతికొచ్చే నోట్లు సగానికి పడిపోయినయి. మొగోళ్లల్ల గూడ కొందరు ఫోన్‌తోనే టికెట్ తీస్కోవట్టిండ్రు. తోటి కండక్టర్లకు నంబరు చెప్పిపెట్టిన. మా డ్రైవరన్న చాయ్ తాగిన కాడల్ల చిల్లర నోట్లు తిప్పి చూసేటోడు. అత్తమ్మ మాత్రం ఒక్కనాడు గూడ అడగలేదు. నేను ఇంట్లకొస్తనే నా మొకం దిక్కు ఒకసారి చూసి, మళ్ల తన పని చేసుకునేది. నోరు తెరిచి అడిగినా నాకు గంత కష్టం అనిపించకపోతుండె.

ఆఖరికి నకిరేకల్ బస్టాండుల నిమ్మకాయల బస్తాతోని ఎక్కిన ఒక రైతు ఇచ్చిండు. ఇరవై నోటు, నడిమిట్ల చినిగితే టేపు అతికిచ్చి ఉన్నది. నంబరు చూసి టికెట్ కొట్టుడే మరిచిన. "చెల్లదా అమ్మా, వేరేది ఇయ్యాల్నా?" అని ఆయన పరేషాన్ అయిండు. "చెల్లుతది బాపూ, మంచిగ చెల్లుతది" అన్న.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వాకిట్ల చిక్కుడుకాయలు తుంపుతాంది. నోటు ఇచ్చిన. చేతులు కొంగుకు తుడుచుకొని, అంకెల మీద వేలు పెట్టి చదివింది. "సున్న అయిదు... సున్న తొమ్మిది... సున్న ఆరు." మళ్ల మొదటి నుంచి చదివింది. కండ్లు తుడుచుకున్నది. నేను పక్కన కూసోని చిక్కుడుకాయలు అందుకున్న.

తెల్లారి ఆ నోటు సంఘం మీటింగుకు తీస్కపోయి అందరికి చూపిచ్చింది. ఇగ అక్కడి నుంచి మా ఇంటికి ఆడోళ్ల రాకడ మొదలైంది. పుట్టిన దినాలు ఎవ్వరు చెప్పలేదు. ఒకామెకు బోరుల నీళ్లు పడ్డ దినం కావాలె. ఇంకొకామెకు మనుమరాలు దవాఖాన నుంచి పానంతోని ఇంటికొచ్చిన దినం.

మా ఎనుకింటామె తన కొడుకు తాగుడు ఇడిచిన తారీఖు చెప్పింది. ఏం అదృష్టమో, అది తొందరగనే దొరికింది. తీస్కపోయి ఇస్తే ముట్టుకోలేదు.

"ఇంకొన్ని దినాలు నీ కాడనే ఉండనీ బిడ్డా. వాడు గట్టిగ నిలవడ్డడని నాకు నమ్మకం కుదిరినంక తీస్కుంట."

ఆ పిలగాడు ఇప్పటికైతే మంచిగనే ఉన్నడు. పొద్దుగాల నా బస్సుకే పనికి పోతడు. వాళ్లమ్మ ఎదురుపడ్డప్పుడు "నోటు పైలంగ ఉన్నదా?" అని అడుగుతది. ఉన్నదని చెప్త.